సిస్టరమ్మ డబ్బాలో రెండు గుడ్లు

మీరు రాలేదు. మొన్న మంగళవారం పొద్దున చైతన్యపురిలో మా కింది పోర్షన్ సిస్టరమ్మ గుండె ఆగి పోయింది. ఆఖరి చూపుకు వచ్చింది వాళ్ళ ఊరి చుట్టాలూ ఇరుగుపొరుగే, ఆమె చేత కట్లు కట్టించుకున్న మీలో ఒక్కరూ రాలేదు. ఎందుకో నాకు తెలుసు. ఆమె మీకెలా తెలుసని ఎవరైనా అడిగితే రొమ్ముల ఆపరేషన్ సంగతి బయటపడుతుందని.

సర్కారు దవాఖానలో నర్సుగా రిటైరయ్యాక ఆమె దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఇళ్ళకు వెళ్ళి గాయాలకు డ్రెస్సింగ్ చేసేది. నాకూ చేసింది. జారిన రొమ్ములు పైకి లేపే ఆపరేషన్ నేనూ చేయించుకున్నాను. అందం వ్యాపారాన్ని తిడుతూ నేను రాసిన వ్యాసాలు చదివి మెచ్చుకున్నది మీరే కదా. అందుకే, గడ్డ తీయించుకున్నానని ఇంట్లో అబద్ధమాడాను. గడ్డకు మర్యాద ఉంది.

ఆ గడ్డకు మా అమ్మ పథ్యం పెట్టింది. "పప్పూ గుడ్డూ ముట్టుకుంటే చీము పడుతుందే. మిరియాల చారు పోసుకో" అంది. మూఢనమ్మకాలను ఉతికి ఆరేసే నేను మూడు వారాలు నోరు మూసుకుని అదే తిన్నాను. రొమ్ము కింద రెండు కుట్లు కలిసే చోట గాయం విచ్చుకుంది. డాక్టరుకు చూపించడానికి సిగ్గేసి, పసుపు అద్దుకుని కూర్చున్నాను.

మెట్ల దగ్గర నా జాకెట్టు మీద మరక చూసింది సిస్టరమ్మే. గదిలోకి నడిపించి తలుపు వేసింది. గాజులు తీసి కిటికీలో పెట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానో చెప్పబోయాను.

"నేనడిగిన్నా? జొరముందా, వాసనొస్తుందా, గది చెప్పు. ఏం తింటున్నవ్?"

చెప్పాను.

"మస్తు సదువుకున్నవ్ పో. ఇటుకలియ్యకుంట గోడ లేస్తలేదని ఏడుస్తున్నవ్."

ఆ పూటే ఆటోలో ఎల్బీనగర్‌లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మర్నాటి నుంచి ఆయన చెప్పినట్టే రోజూ కట్టు మార్చింది. ఆమె సంచిలో దూది కట్టలతో పాటు స్టీలు డబ్బా, అందులో పొట్టు తీసిన రెండు గుడ్లు. అవి తినేదాకా కట్టు విప్పేది కాదు.

"ఆపరేషనైన మనిషికి గుడ్లేంటండీ?" అని అమ్మ అడ్డం పడింది.

"నువ్వు సుత ఒకటి తినమ్మా, మోకాళ్ళకు మంచిది."

అమ్మ తినలేదు. వారం తర్వాత తనే ఉడకబెట్టింది.

"అమ్మకు నిజం నువ్వే చెప్పుకో. నేను చెప్ప, అబద్ధం సుత ఆడ" అంది సిస్టరమ్మ నాతో. "గడ్డ అని దాసి చారన్నం తినెటోళ్ళు నువ్వొక్కదానివే కాదు తియ్." మీ పేర్లు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఆరు వారాలకు గాయం మూసుకుంది. అమ్మకు నేను ఇవాళ్టికీ చెప్పలేదు. మొన్న శవం దగ్గర, వాళ్ళ ఊరి ముసలామె "ఈమె నీకేమైతది బిడ్డా?" అని అడిగింది. కింది పోర్షన్ ఆమె అన్నాను. అంతే అన్నాను. మిమ్మల్ని తిడుతున్న నేనూ మీలో ఒకదాన్నే. ఈ కాగితాన్ని ముందు అమ్మకు చదివి వినిపించి, తర్వాతే అచ్చుకు పంపుతాను.

వచ్చే శుక్రవారం ఆమె దినాలు. నా డిమాండ్లు ఇవి.

రండి.

ఆమె ఎలా తెలుసని అడిగితే, నా గాయం మాన్పిందని చెప్పండి. ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నారో చెప్పనక్కర్లేదు, ఆమె అడగలేదు.

కుట్టు విచ్చుకుంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇంట్లో ఎవరికి కోత పడ్డా పప్పూ గుడ్డూ ఆపకండి.

వంటవాళ్ళకు చెప్పి ఉంచాను, విస్తట్లో ఉడికిన గుడ్లు రెండు ఉంటాయి. తినేదాకా లేవకండి.