నా పేరున సాక పోసిన జీలుగు చెట్టు

హైదరాబాద్‌లో ఒక బార్ పై అంతస్తును నెలకో శనివారం సాయంత్రం మాలాంటివాళ్ల కోసం కేటాయిస్తారు. మాలాంటివాళ్లంటే మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు. గే బార్ అనగానే జనం ఏవేవో ఊహించుకుంటారు గానీ అక్కడ ముప్పాతిక వంతు జరిగేది కబుర్లే. వారమంతా ఆఫీసులో నోరు కట్టేసుకున్నవాళ్లు అక్కడికొచ్చి మెస్ భోజనం గురించి, మేనేజర్ గురించి, ఇంట్లో చూస్తున్న పెళ్లి సంబంధాల గురించి గంటలకొద్దీ చెప్పుకుంటారు. వీరన్న నాకు అక్కడే పరిచయమయ్యాడు. జూలూరుపాడు దాటాక అడవి అంచునున్న ఒక ఊళ్లో కరెంటు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. రాగి తీగ కొనడానికి వచ్చినప్పుడల్లా ఆ శనివారం కలిసొచ్చేలా చూసుకునేవాడు. "మా కాడ గూడ ఉంది బార్. ఆదివారం పొద్దుగూకే యాళ్లకు తెరుస్తరు. కల్లు గీసే జీలుగు చెట్టే కౌంటరు. ఒక్కపారి రారాదు?" అని ఊరించేవాడు. వస్తాను వస్తాను అంటూనే రోజులు గడిపాను.

మొన్న వానాకాలంలో బైకు మీంచి పడి కాలు విరిగింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నా ఫోన్ మా అన్నయ్య దగ్గరే ఉంది. అది చేతికొచ్చాక వీరన్నకు చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్లకు అసలు కలవడమే మానేసింది. ఇంట్లో తెలిసి కొట్టారా, బలవంతాన పెళ్లి చేశారా, ఏదైనా అఘాయిత్యం చేసుకున్నాడా అని ఊహలు ఎటెటో పోయేవి. వీరన్నంటే నాకు ప్రేమ. అందుకని ఈ ప్రయాణాన్ని విహారం అనలేను. మనిషి ప్రాణంతో ఉన్నాడో లేడో చూసి రావడానికి చలికాలం చివర్లో ఒక ఆదివారం బయల్దేరాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతాను. సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపు ఖమ్మంలో దిగొచ్చు. కారేపల్లి మీదుగా వెళ్లే రైలు కూడా ఉంది గానీ దాని వేళలు నాకు కుదరలేదు. ఖమ్మం బస్టాండులో వైరా, తల్లాడ మీదుగా కొత్తగూడెం వెళ్లే బస్సెక్కి జూలూరుపాడులో దిగాలి. రెండు గంటలకు అటూ ఇటూగా పడుతుంది, టికెట్టుకు వంద రూపాయల పైచిలుకు ఉంచుకోండి. తల్లాడ వరకు మిర్చి కల్లాలు, ఘాటుకు తుమ్ములు. ఏన్కూరు దాటాక చేలు తగ్గి చెట్లు మొదలవుతాయి. జూలూరుపాడు నుంచి లోపలి ఊళ్లకు ఆటోలే గతి. ఆ ఊరి పేరు మాత్రం రాయను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నేనెక్కిన ఆటో డ్రైవరు పేరు భిక్షం. ముప్పై ఏళ్లుంటాయి, నోటి నిండా మాటలే. "ఎవలింటికి వోవాలె సారూ?" అనడిగాడు.

"మోటార్ వైండింగ్ వీరన్న ఇంటికి. నా పేరు సుధీర్, హైదరాబాద్ నుంచి వస్తున్నా."

భిక్షం చెయ్యి చాచి ఆటోలో మోగుతున్న పాట కట్టేశాడు. అద్దం సర్ది నా మొహం చూశాడు. తర్వాత ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని వెనక్కి వంగి నా కాళ్ల వంక చూశాడు. బూట్లకు బురదేమైనా అంటిందా అని నేనూ చూసుకున్నాను, ఏమీ లేదు.

"వీరన్న బాగున్నాడా?" అన్నాను.

"ఉన్నడు," అన్నాడు. "ఆదివారం గద, చెట్టుకాడ ఉంటడు." ఆటో వేగం పెంచాడు.

మనిషి ఉన్నాడు. హమ్మయ్య అనుకున్నానో లేదో, ఉండి కూడా నా ఫోన్ ఎత్తలేదని గుర్తొచ్చింది. వాగు వంతెన దగ్గర భిక్షం ఆటో ఆపేసి, జామాయిల్ తోటలోంచి నడిచిపొమ్మని వేలు చూపించాడు. నేను డబ్బులు తీసేసరికి రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దు. నీ కాడ కిరాయి తీస్కోను," అని రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆటో డ్రైవరు కిరాయి వద్దన్నందుకు సంతోషించాలి గానీ నాకు భయమేసింది.

జామాయిల్ తోటలో నడిస్తే ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. తెల్లటి మానులు వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి. పిట్ట కూత లేదు. పొద్దు వాలుతోంది. ఎండాకుల మీద నా అడుగుల చప్పుడుతో పాటు వెనక ఇంకో చప్పుడు వినిపించింది. నేను ఆగితే అదీ ఆగింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. రాడ్డు వేసిన కాలు సలుపుతోంది, సెల్లులో సిగ్నల్ లేదు. ఇంతలో చెట్ల అవతల పొగ, ఉడికిన శనగ గుడాల వాసన, మనుషుల గొంతులు. ప్రాణం లేచొచ్చింది. వీరన్న గొంతు గుర్తుపట్టాను. అది మెల్లగా ఒక్కో పేరే చెబుతోంది.

"ముత్యాలమ్మ తల్లికి." నేల మీద ఏదో పోసిన చప్పుడు.

"అడివికి వోయి తిరిగి రానోళ్లకు." మళ్లీ అదే చప్పుడు.

"మా సుధీర్‌కు."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇటువైపు కల్లు తాగే ముందు కొంచెం నేల మీద పోస్తారు. దాన్నే సాక అంటారు. మొదటిది అమ్మవారికి, తర్వాతది చనిపోయినవాళ్లకు. బతికున్నవాళ్ల పేరున ఎవరూ పొయ్యరు.

చెట్ల మధ్య నుంచి బయటికొచ్చాను. జీలుగు చెట్టు కింద ఏడెనిమిది మంది మగవాళ్లు తాటాకు డొప్పలు పట్టుకుని కూర్చున్నారు. ఒకరి డొప్ప చేతిలోంచి జారి కల్లు ఒలికిపోయింది. ఎవరూ వంగి తీయలేదు. అందరి చూపూ నా మొహం మీది నుంచి నా పాదాల మీదికి దిగింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మా నానమ్మ చెప్పేది. వీళ్లు నావి ఎటు ఉన్నాయో చూస్తున్నారు.

పొయ్యి దగ్గర గుడాలు ఉడికిస్తున్న పెద్దావిడ లేచింది. ఆ చెట్టు ఆవిడదే, పేరు సాలమ్మ. "ఆడ్నే ఉండు బిడ్డా, ఇటు రాకు," అంది. ఒక డొప్ప నింపి మా మధ్య నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. "నీ పేరున వారం వారం వోస్తనే ఉన్నం. ఇంకేం గావాలె నీకు?"

డొప్ప అందుకుందామనుకున్నాను. వంగబోతే రాడ్డున్న కాలు మెలిపడి "అమ్మా" అని అరిచి కూలబడ్డాను.

"సచ్చినోడు కుంటుతడా?" అన్నాడు వీరన్న. లేచొచ్చి నా చీలమండ పట్టుకున్నాడు, తర్వాత మోకాలు, తర్వాత మొహం. "వెచ్చగున్నడు సాలమ్మా. మనిషే."

సంగతి అప్పుడు బయటపడింది. నేను ఆసుపత్రిలో ఉండగా వీరన్న ఫోన్ చేస్తే మా ఇద్దరి సంగతి పసిగట్టిన మా అన్నయ్య ఎత్తి, "మా తమ్ముడు చచ్చిపోయాడు, దినాలు కూడా అయిపోయాయి, మళ్లీ చేస్తే పోలీసులకు చెప్తా," అన్నాడట. తర్వాత నా నంబర్ నుంచి వచ్చిన కాల్స్ అన్నీ అన్నయ్యవే అనుకుని వీరన్న భయపడి ఎత్తలేదు, తర్వాత ఆ నంబరే ఆపేశాడు. ఆ వారం నుంచే ఈ చెట్టు కింద నా పేరున సాక మొదలైంది. చెట్టు మొదట్లో ఒక చోట మట్టి నల్లబడి పులిసిన వాసన వేస్తోంది. చీమలు బారులు తీరి ఉన్నాయి. నా వాటా అంతా అక్కడే ఇంకింది. ఎంత వద్దనుకున్నా చూపు అటే పోయింది. కోపంతో కన్నీళ్లు వచ్చాయి.

సాలమ్మ ఈసారి డొప్ప నా చేతికే ఇచ్చింది. "ఏడ్వకు. కాకి తలమీద తంతే గండం గద, మనమేం జేస్తం? సచ్చిండని సుట్టాలకు ఉత్త కబురు వంపుతం. ఆళ్లు ఏడుస్తరు, ఆ ఏడుపుతోని గండం వోతది. నీకు గూడ గట్లనే అయింది. గని ఎవలన్న ఏడ్వాలె గద. నీకోసం ఏడ్సిందెవలు?"

మా ఇంట్లో ఎవరూ కాదు. ఆ మాట పైకే అన్నాను.

వీరన్న తల దించుకున్నాడు. వెనక ఆకుల చప్పుడైంది. జామాయిల్ తోటలో నా వెంట నడిచిన చప్పుడు అదే. చెట్ల మధ్య నుంచి భిక్షం బయటికొచ్చాడు. "నేనేడ్సిన," అన్నాడు. "నిన్ను ఎన్నడు సూడలే. అయినా ఏడ్సిన. వీరన్న ఏడుస్తుంటే గీడున్నోళ్లందరం ఏడ్సినం."

"ఇగ అయిపాయె," అంది సాలమ్మ. "సుట్టాలు దొరికిండ్లు గద, గుడాలు తిను."

జీలుగు కల్లు తియ్యగా ఉంది, గుడాలు కారంగా ఉన్నాయి. తర్వాత కబుర్లు మొదలయ్యాయి. మిర్చి ధర, ఒకరికి చూస్తున్న పెళ్లి సంబంధం, ఇంకొకరి పక్కింటి గోల. అచ్చం మా శనివారం బార్ లాగే. వీరన్న పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ నాన్చిన మాట చెప్పేశాను. "తెల్సు," అన్నాడు. "తెల్వకుంటే నేలకు గింత కల్లు తాపుతనా?"

జూలూరుపాడుకు భిక్షమే దింపాడు. వచ్చేటప్పటి కిరాయి కూడా కలిపి వసూలు చేశాడు. సిగ్నల్ రాగానే అన్నయ్య ఫోన్. "ఎక్కడున్నావురా?"

"చుట్టాల ఊళ్లో."

"అటువైపు మనకు చుట్టాలెవరు?"

"నీకు కాదు, నాకు. నేను చచ్చిపోయానని నువ్వు చెబితే ఏడ్చినవాళ్లు." ఫోన్ పెట్టేశాను.

మాలాంటివాళ్లకు బార్ ఎందుకు, ఇంట్లో తాగకూడదా అని అడిగేవాళ్లున్నారు. మేం వెళ్లేది తాగడానికి కాదు, రాకపోతే ఏమయ్యాడని అడిగే మనుషుల కోసం. ఇంకా ఒక్కోసారి ఆ నల్లబడ్డ మట్టి, ఆ చీమలు గుర్తొచ్చి ఉలిక్కిపడి నా పాదాలు చూసుకుంటాను. ఊరి పేరు అడగకండి, ఆ చెట్టు కింద కలిసే మాలాంటివాళ్ల సంగతి బయటపడకూడదు; తెలిసినవాళ్లు వెంటబెట్టుకుని తీసుకెళితేనే వెళ్లండి. బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. మీరు ప్రేమించే మనిషి దగ్గర మీ నంబర్‌తో పాటు, మీ గురించి అబద్ధం చెప్పని ఇంకో మనిషి నంబర్ కూడా ఉంచండి. వీరన్న దగ్గర ఇప్పుడు మా శనివారం బార్ స్నేహితుడి నంబర్ ఉంది. నా దగ్గర భిక్షందీ, సాలమ్మదీ ఉన్నాయి.