మిరప చేతులతో రబ్బరు ముసుగు

నల్లపాడులో నాతోపాటు అద్దెగదిలో ఉండే ఎమ్మే చదివే మిత్రుడికి ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులంటే మోజు. ఎవరి మోజు వాళ్లది. ఇవాళ తల మొత్తం కప్పే నల్లటి ముసుగు పార్సిల్లో వచ్చింది. కళ్లకూ నోటికీ దారి లేదు, ముక్కు దగ్గర మాత్రం రెండు చిన్న రంధ్రాలు.

వాడు అప్పుడే వాళ్ల కల్లంలో మిరపకాయలు ఏరి వచ్చాడు. చేతులు కడుక్కున్నాను కదా అనుకుని, సులువుగా జారడానికి ముసుగు లోపల పౌడరు రుద్ది తొడిగేసుకున్నాడు.

కాసేపటికే ఘాటు అందుకుంది. లోపలే తుమ్ములు మొదలై ముక్కు రంధ్రాలు పూడిపోయాయి. లాగుదామంటే చెమటకి రబ్బరు పట్టు చిక్కలేదు. వాడు గోడని బాదుతున్నాడు, తర్వాత అదీ ఆపేశాడు. నేను కత్తెర అందుకుని, చర్మం తెగకుండా వేలు అడ్డుపెట్టి, మెడ నుంచి చెవిదాకా కోసేశాను.

ఊపిరి అందగానే వాడన్న మొదటి మాట: "ఒరేయ్, కొత్తది కదరా, కోసేశావేంటి!"

"నేను బజారుకి పోయుంటే మీ అమ్మకి ఏం చెప్పేవాణ్ణిరా?"

వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. మళ్లీ కొంటే నోటి దగ్గర తెరిచి ఉండేది, వెనక జిప్పున్నది కొంటానని, పక్కన మనిషి లేకుండా తొడగనని ఆ చేతిలోనే ఒట్టేశాడు.

అదే చేత్తో నేను కళ్లు తుడుచుకున్నాను. మిరప మంటకి మీ ఇళ్లల్లో ఏం రాస్తారో త్వరగా చెప్పండి.