పదమూడుకు నాలుగు నెలలు తక్కువ

మా అమ్మాయి వయసెంత అని ఎవరైనా అడిగితే, అడిగేది ఎవరో ముందు తెలియాలి నాకు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాకముందు, దాని పొడుగు చూసి కండక్టర్ ఎల్బీనగర్‌కు ఫుల్ టికెట్టే కొట్టేవాడు. తొమ్మిదేళ్ల పిల్లండీ అని నేను వాదిస్తుంటే బస్సులో సగం మంది ఆయన పక్షమే. మా అత్తమ్మ లెక్కలో అది పెద్దమనిషి. స్కూల్లో చిన్నపిల్ల, అంటే ఏది చెప్పినా తలూపాల్సిన పిల్ల. పోయిన ఎండాకాలం ఓడ ఎక్కితే, ఓడవాళ్లు ఇంకో లెక్క తీశారు. ఆ లెక్క మీద నేను ఎక్కిన రోజు నుంచి దిగేదాకా కొట్లాడాను. సముద్రం ఎట్లా ఉంటుందని ఇబ్రహీంపట్నంలో ఇప్పటికీ అడుగుతారు. నాకేం తెలుసు? నేను సముద్రం చూసింది తక్కువ, కౌంటర్ చూసింది ఎక్కువ.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద మా బావ, ఆయన భార్య అంటే నా యారాలు, వాళ్ల బిడ్డ. పైన మేము ముగ్గురం. మా అత్తమ్మ పొద్దున కింద, సాయంత్రం పైన. అధికారం మాత్రం రెండు చోట్లా రోజంతా ఉంటుంది. పిల్లలిద్దరికీ ఎనిమిది నెలల తేడా. ఒకే స్కూలు బస్సు, ఒకే టిఫిన్ డబ్బా, ఒకరి చెప్పులు ఇంకొకరి కాళ్లకు. వాళ్లను పెద్దవాళ్లను చేసింది కూడా ఒకే రోజు. పెద్దదానికి ఓణీల ఫంక్షన్ చేయాల్సి వచ్చినప్పుడు అత్తమ్మ ఆపింది. "చిన్నది గూడ నేడో రేపో అయితది. రెండుసార్లు మటన్ ఎవరు వండిపిస్తరు? ఇద్దరికి కలిపి చేద్దాం" అంది. అట్లాగే ఆరు నెలలు ఆగి, తుర్కయాంజాల్‌లో ఫంక్షన్ హాలు తీసుకుని, ఇద్దరినీ ఒకే స్టేజీ మీద, ఒకే రంగు పట్టు ఓణీల్లో కూర్చోబెట్టాం. చౌరస్తాలో ఇద్దరి ఫొటోలతో ఫ్లెక్సీ కూడా పెట్టాడు మా బావ. ఒంటి సంగతి ఊరంతా ఫ్లెక్సీ వేసి చెప్పడమేమిటని నేను అడిగితే, "చదువుకున్నోళ్లతోని గిదే గోస" అన్నాడు.

ఆ ఫంక్షన్ మర్నాటి నుంచి గేటు ముందు షటిల్ ఆడడం బంద్. గల్లీలో మగపిల్లలుంటారు, వీళ్లు పెద్దమనుషులయ్యారు. ఏడాదిగా ఆ ఒక్క మాట మీదే మా అత్తమ్మకూ నాకూ పడదు.

ఇక ఓడ సంగతి. పెద్దదాన్ని జూన్‌లో హాస్టల్లో వేయాలని మా బావ నిర్ణయించాడు. తొమ్మిదో తరగతి నుంచే ఐఐటీ చదువట. పెద్ద అంబర్‌పేట్ దాటితే హాస్టల్ వస్తుంది. ఇంటి నుంచి గంట కూడా పట్టదు, అయినా నెలకొక్కసారే పంపుతారట. అందుకని, పిల్లలిద్దరూ ఇంకోసారి ఎప్పుడు కలిసి తిరుగుతారో ఏమోనని, ముంబై నుంచి బయల్దేరే ఓడలో అందరికీ బుక్ చేశాడు. పిల్లలకు ఫోన్లో ఓడ బొమ్మలు చూపించినప్పటి నుంచి వాళ్ల నోట్లో ఒకటే మాట: టీన్ క్లబ్. అందులో టేబుల్ టెన్నిస్ ఉందట, సినిమా తెర ఉందట, పెద్దవాళ్లకు ప్రవేశం లేదట. ఆ చివరిదే వాళ్లకు బాగా నచ్చినట్టుంది.

ఓడ ఎక్కగానే అందరి చేతులకూ పట్టీలు కట్టారు. పెద్దదానికి నల్ల పట్టీ, అంటే టీన్ క్లబ్. మా దానికి పచ్చరంగు పట్టీ, దాని మీద నవ్వుతున్న చేప బొమ్మ. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా చేప, అంటే చిన్నపిల్లల క్లబ్. మా అమ్మాయి చేప వైపు చూసింది, వాళ్లక్క చేయి వైపు చూసింది, డ్రెస్సు చేతిని మణికట్టు దాకా లాక్కుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఓదార్చి ఊరుకునేదాన్నేమో. ఏడవకపోయేసరికి కౌంటర్ దగ్గరికి నడిచాను.

కౌంటర్లో ఉన్నమ్మాయి ముప్పై లోపే ఉంటుంది, చక్కగా నవ్వుతోంది. ఆమెది హిందీ, నాది హైదరాబాద్ హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పదమూడు నిండాలి మేడమ్. పదమూడు నుంచి పదిహేడు వరకు. ఓడ ఎక్కిన రోజుకు నిండి ఉండాలి."

"నాలుగు నెల్లే తక్కువమ్మా."

"నాలుగు రోజులు తక్కువైనా ఇంతే మేడమ్."

"మరి టికెట్ కాడ పన్నెండు నిండినయ్, పెద్దోళ్ల టికెట్టే అన్నరు గద. పైసలకాడ పెద్దది, ఆటకాడ చిన్నదా?"

"టికెట్ రూల్ వేరు, క్లబ్ రూల్ వేరు."

"రెండూ ఒక్క ఓడలయే కద?"

ఆమె నవ్వు చెక్కు చెదరలేదు. నాకు అక్కడే ఒళ్లు మండింది. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివినదాన్ని, సాక్ష్యం లేకుండా వాదించకూడదని తెలుసు. ఫోన్ తీసి ఫంక్షన్ వీడియో చూపించాను. స్టేజీ, పూలు, మేనమామ పెట్టిన పట్టుబట్టలు, అక్షింతలు వేస్తున్న జనం. ఇద్దరినీ ఒకే రోజు పెద్దవాళ్లని ఒప్పుకున్నాం, మీరెట్లా విడదీస్తారు అని నా వాదన.

ఆ అమ్మాయి శ్రద్ధగా చూసింది. "చాలా బాగుంది మేడమ్. ఇద్దరిలో పెళ్లికూతురు ఎవరు?"

పెళ్లి కాదు తల్లీ అని మొదలుపెట్టి, అదేం ఫంక్షనో చెప్పడం మొదలుపెట్టాను. నా వెనక లైన్లో ఒక గుజరాతీ కుటుంబం కూడా వింటోంది. మా అమ్మాయి నా కొంగు పట్టి లాగింది.

"అమ్మా! అది ఎందుకు చూపిస్తున్నవ్ అందరికి? ఇజ్జత్ తీస్తున్నవ్!" అని, నేను తిరిగి చూసేలోగా మెట్లెక్కి మాయమైంది.

అప్పుడు కౌంటర్ అమ్మాయి గొంతు తగ్గించింది. "లోపల పదిహేడేళ్ల అబ్బాయిలుంటారు మేడమ్. నేను మీ పాపను పంపిస్తే, రేపు మీరే వచ్చి ఎందుకు పంపావని గొడవ పడతారు. రూల్ మీ పాప కోసమే."

ఆమె మాటలో తప్పు లేదు. జవాబు దొరకనప్పుడు నాకు గొంతు పెరుగుతుంది. "పదిహేడేండ్ల మగపిల్లలుంటే ఏమైతది?" అని తెలుగులో గట్టిగా అరిచాను. అప్పుడే చాయ్ కోసం అటు వస్తున్న మా అత్తమ్మకు తెలుగు బ్రహ్మాండంగా వచ్చు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తీర్పు వచ్చింది.

"ఆ కిలబ్బుల మగపోరగాళ్లు ఉన్నరంట. మీసాలొచ్చినోళ్లు. పెద్దది గూడ పోవద్దు, చిన్నది గూడ పోవద్దు. నా పక్కన కూసొని సముద్రం చూడుండ్రి."

"చిన్నపిల్లలు అత్తమ్మా. బల్ల మీద బంతాట ఆడుకుంటరు. ఏమైతది?"

"చిన్నపిల్లలా? గిప్పుడే గదనే పెద్దది పెద్దదని ఓడంత మొత్తుకున్నవ్!"

మా ఆయన వైపు చూశాను. పనీర్ బాగుందన్నాడు. మా బావ ఇంకో చెంచా వేసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఇంట్లో ఎట్లా ఉంటారో సముద్రం మీదా అట్లాగే ఉన్నారు.

పెద్దది ప్లేటు పక్కకు నెట్టింది. చెల్లె వైపు తిరిగి, "నీ వల్లనే. నువ్వు ఊకుంటే నాది అయిపోతుండె" అంది.

"నేనేమన్న? కొట్లాడింది అమ్మ."

"మీ అమ్మ ఎవరి కోసం కొట్లాడింది?"

పుట్టినప్పటి నుంచి ఆ ఇద్దరూ 'మీ అమ్మ' అని మాట్లాడుకోవడం నేను వినలేదు. నేను మళ్లీ నోరు తెరవబోయాను. మా అమ్మాయి నన్ను ఆపింది. "ఇగ చాలమ్మా. పొద్దున పెద్దదాన్నన్నవ్, ఇప్పుడు చిన్నదాన్నంటున్నవ్. జూన్ల అక్క హాస్టల్‌కి పోతది గద, ఆడ గూడ కౌంటర్ కాడ నిలబడి కొట్లాడ్తవా?" అని, వాళ్ల నానమ్మ వైపు తిరిగింది. "నేను చేపల క్లబ్బుకే పోత. అక్కను పంపు నానమ్మా. అది తింటలేదు చూడు."

పిల్ల అన్నం మానేసిందంటే మా అత్తమ్మ దగ్గర ఏ రూలూ నిలవదు. అరగంటకోసారి తల్లి వెళ్లి తొంగిచూడాలనే షరతు మీద పెద్దదాన్ని పంపింది. మా అమ్మాయి చేప పట్టీతో ఇంకో వైపు నడిచింది. నేను తోడు రానా అంటే చేత్తోనే వద్దంది.

మర్నాడు పొద్దున, ఐదేళ్ల పిల్లల మధ్య కూర్చుని రంగులేసుకుంటూ ఎంత కుమిలిపోతోందో అని చూడడానికి పోయాను. ఆ క్లబ్బుకు ఒక వైపంతా అద్దమే. లోపల మా అమ్మాయి నేల మీద టేపు అంటించి తొక్కుడుబిళ్ల గళ్లు వేసింది. దాని వెనక పది మంది చిన్నపిల్లలు లైన్లో నిలబడ్డారు. వచ్చీరాని హిందీలో అది అరుస్తోంది, గీత తొక్కినవాణ్ణి చెవి పట్టుకుని లైన్ చివరికి పంపుతోంది. అత్తమ్మ పోలిక. పిల్లల్ని ఆడించడానికి ఓడవాళ్లు పెట్టిన అమ్మాయిలిద్దరూ హాయిగా మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు.

అద్దానికి ఇవతల, నేల మీద, మోకాళ్లు ముడుచుకుని పెద్దది కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నవ్ బిడ్డా? క్లబ్బుకు పోలేదా?"

"ఊకనే."

"ఆడ మంచిగ లేదా?"

"మస్తుంది. అన్ని ఉన్నయ్." కాసేపు అద్దంలోంచి చెల్లెను చూసింది. "వాళ్లంత ముందే దోస్తులు చిన్నమ్మా. బాంబేటోళ్లు. నన్ను పేరు గూడ అడగలే. నిన్న పొద్దుగూకే దాక టేబుల్ టెన్నిస్ కాడ నిలబడి బంతి అందిచ్చిన."

మా యారాలు అరగంటకోసారి చూసి వచ్చింది కదా, ఆమెకు మగపిల్లలు దూరంగానే కనిపించారు. అంతా బాగుందని చెప్పింది.

"చిన్నమ్మా, జర అడుగవా? నన్ను లోపలికి రానిస్తరేమో." ఆ తర్వాత, నా వైపు చూడకుండా, "హాస్టల్ల గూడ గిట్లనే ఉంటదా?" అంది.

నేను కౌంటర్‌కు నడిచాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి చేతిలో ఉన్న పెన్ను కింద పెట్టింది.

"ఇవాళ ఏంటి మేడమ్?"

"ఈ పిల్లకు పదమూడు దాటి నాలుగు నెల్లే అయింది. ఇంకా చిన్నపిల్లే. చేపల క్లబ్బుల కూసోనియ్యి."

"నిన్న పన్నెండేళ్లకే పెద్దదన్నారు."

"నిన్నటి పిల్ల వేరు."

"మేడమ్, మీ ఇంట్లో పిల్లలు ఎప్పుడు పెద్దవాళ్లవుతారో నాకు ఒక కాగితం మీద రాసిస్తారా?" అని ఆమె నవ్వింది. ఈసారి నిజంగా నవ్వింది. పని మాత్రం కాలేదు. పదమూడు నిండితే చేపల్లో చోటు లేదు.

పోనీ మా అమ్మాయినే బయటకు పిలుద్దామని అద్దం మీద కొట్టాను. తలుపు దాకా వచ్చి, "ఇంకొక్క ఆట ఉంది, అక్కను కూసోమను" అని లోపలికి పోయింది. పెద్దది కూర్చుంది. ఒక్క ఆట అంటే ఎంతసేపో, ఆడపిల్లలున్న ఎవరినైనా అడగండి.

ఆ సాయంత్రం తిండి దగ్గర హాస్టల్ మాట నేనే ఎత్తాను. ఈ పిల్లను ఈ ఏడు పంపొద్దు, పదోతరగతి అయినాక చూద్దామన్నాను. అడ్మిషన్ అయిపోయిందన్నాడు బావ. అది మనిషి కంటే ఎక్కువా అన్నాను. పదమూడేళ్లంటే చిన్నదా అన్నాడు. ఇప్పటి నుంచే అలవాటు కావాలి, అప్పుడే సీటొస్తుందన్నాడు. పిల్లకు మనసు నిలవకపోతే చదువు నిలవదన్నాను. ఒంటరితనం గురించి చెప్పాను, ఎనిమిది నెలల తేడా ఉన్న చెల్లె గురించి చెప్పాను, తెలిసినదంతా చెప్పాను. యారాలు ప్లేటులోకి చూస్తోంది. పిల్లలిద్దరూ నమలడం ఆపేశారు. బావ చేతులు కడుక్కోవడానికి లేవబోయాడు.

అప్పుడు అత్తమ్మ అంది: "పెద్దమనిషైన పిల్లను బయట ఎట్ల ఉంచుతర్రా? ఆ హాస్టల్ల సార్లు మొగోళ్లే గద. నేను పంపియ్య."

బావ కూర్చున్నాడు. నా కారణాలన్నిటికీ ఆయన దగ్గర జవాబులున్నాయి. దీనికి లేదు. తల్లితో ఆ మాట మీద వాదించే మగవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. "సరే తియ్యి" అన్నాడు. హాస్టల్ అక్కడితో ఆగిపోయింది. పెద్దది టేబుల్ కింద చెల్లె చేయి పట్టుకుంది.

ఏడాదిగా ఏ మాట మీద నేను ఆమెతో పోట్లాడుతున్నానో, సరిగ్గా ఆ మాటే. కారణం అది కాదు అత్తమ్మా అనడానికి నోరు తెరిచాను కూడా. చపాతీ ముక్క పెట్టుకుని మూసుకున్నాను.

ఇప్పుడు పిల్లలిద్దరూ ఒకే బస్సులో బడికి పోతున్నారు. మొన్న స్కూలు వాళ్లు రెండు రోజుల టూర్ అన్నారు. పెద్దమనుషులైన పిల్లలు, రాత్రి బయట ఉండుడేంది అని అత్తమ్మ మొదలుపెట్టింది. నేను లేచాను.

"నువ్వు మాట్లాడకు. ఓడల ఒప్పుకున్నవ్ గదనే" అంది.

"ఒప్పుకోలే అత్తమ్మా. ఊకున్న."

"రెండు ఒక్కటే."

పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని నా మొహం వైపే చూస్తున్నారు. టూర్ సంతకం ఇవ్వడానికి ఇంకా గడువుంది. నేను గొంతు సవరించుకున్నాను.