వడ్ల బస్తాకు తొడిగిన జాకెట్

మొన్న ఎన్నికల ప్రచారంలో సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక నాయకుడి బండికి దారి ఇవ్వడానికి మా ఆటో ఆగింది. తెల్ల చొక్కా, మెడ నిండా బంతిపూల దండలు, చుట్టూ తుపాకుల పోలీసులు. ముఖం చూస్తే బక్కపలచటి మనిషి, ఛాతీ నుంచి నడుము దాకా మాత్రం బిర్రుగా ఉబ్బి ఉన్నాడు. నా పక్కన కూర్చున్న ఆవిడ "తిని తిని బాగ పెంచిండు" అంది. నాకు నవ్వు ఆగలేదు. అది పొట్ట కాదని నాకు తెలుసు. చొక్కా కింద ఉన్నది దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో ఆ రోడ్డు మీద ఉన్న అందరికంటే నాకే బాగా తెలుసని కాస్త గర్వం కూడా కలిగింది. తొంభైల మొదట్లో మిర్యాలగూడలో మా అత్తగారింటికి అలాంటిదే ఒకటి వచ్చింది. దాని పరీక్ష నా కళ్లముందే జరిగింది.

మా అత్తగారిది రైసుమిల్లు ఇల్లు. ఇల్లు ఎక్కడ అయిపోయి మిల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఉడికిన వడ్ల వాసన దుప్పట్లలో, తౌడు దుమ్ము ఉప్పు డబ్బాలో. సూర్యాపేట నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో తల దువ్వుకుంటే దువ్వెనకు కూడా తౌడే. మా మామయ్య జేబులో ఎప్పుడూ ఒక ఇనుప గొట్టం ఉండేది. జానెడు పొడవు, మొన సూదిలా ఉంటుంది, లోపల బోలు. బస్తా కుట్టు విప్పకుండా పొడిచి తిప్పితే గింజలు అరచేతిలోకి జారతాయి. వాటిని పంటికింద కొరికి, ఎంత తేమ ఉందో చెప్పేవాడు. బస్తా కనబడితే పొడవకుండా ఉండలేడు. నా పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా వంటింటి ముందున్న బియ్యం బస్తాను కూడా పొడిచి చూశాడట. పిల్లకంటే బియ్యాన్నే ఎక్కువసేపు చూశాడని మా అమ్మ ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వింది.

ఆ ఏడు మామయ్య ఎన్నికల్లో నిలబడ్డాడు. అవతలి అభ్యర్థికి కోదాడలో కుడిభుజంగా ఉన్నది ఎవరో కాదు, మా అత్తమ్మ సొంత తమ్ముడు. బావాబావమరుదులు మాట్లాడుకోక అప్పటికే చాలా ఏళ్లయింది. ప్రచారం ముదిరేసరికి తమ్ముడి మనుషులు కబురు పెట్టారు, కోదాడలో జీపు దిగితే పొడుస్తామని. అది ఉత్త బెదిరింపు అనుకోవడానికి లేదు. పాలకీడు దారిలో మా మనిషి ఒకతనికి అప్పటికే చేతిమీద కత్తిపోటు పడింది. కోదాడ పోకపోతే మామయ్య పరువు పోతుంది, పోతే ప్రాణం పోవచ్చు. అత్తమ్మకు భర్త ఒకవైపు, తమ్ముడు ఒకవైపు. ఆమెకు ముద్ద గొంతు దిగడం మానేసింది.

అప్పుడు వచ్చింది తూటాలను ఆపే జాకెట్. మామయ్య తమ్ముడు, మా చిన్నమామయ్య, మిలట్రీలో చేసి వచ్చినవాడు. తెలిసినవాళ్లను పట్టుకుని దాన్ని తెప్పించాడు. హాలులో మూట విప్పుతుంటే హమాలీలతో సహా మిల్లు మొత్తం గుమ్మంలో నిలబడింది. మేమంతా లోపల ఇనుప రేకులు ఉంటాయనుకున్నాం. చూస్తే పసుపుపచ్చటి బట్ట, పొర మీద పొర, బొంత కుట్టినట్టు. నేనూ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. ఎంత సంబరమో చెప్పలేను. మా ఊళ్లో ఎవరింట్లోనూ లేనిది మా ఇంట్లో ఉంది. అత్తమ్మ మాత్రం ఒక అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూసింది. "బట్ట తూటాను ఆపుతదా? నా కొంగు తుమ్మముల్లునే ఆపది" అంది.

దాంతో చిన్నమామయ్యకు పౌరుషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే మిల్లు ఆపించి, వెనకవైపు కొండంత ఊక కుప్పకు ఒక వడ్ల బస్తాను ఆనించి, దానికి జాకెట్ తొడిగి పట్టీలు బిగించాడు. ఒక హమాలీ సరదాకు మామయ్య కండువా తెచ్చి బస్తా భుజాన వేశాడు. అందరూ గొల్లుమన్నారు. అత్తమ్మ చరచరా నడిచివెళ్లి, ఆ కండువా తీసుకుని వెనక్కి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. చిన్నమామయ్య లైసెన్సు పిస్తోలు తీశాడు. అది ఇలాంటి పనులకు ఇచ్చిన లైసెన్సు కాదని ఎవరూ గుర్తుచేయలేదు. నేను చెవులు మూసుకున్నాను గాని కళ్లు మూసుకోలేదు.

ఢామ్మని పేలింది. రేకుల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎవరు ముందు పరుగెత్తారో తెలియదు, నేను మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి అందరితో సమానంగా పరుగెత్తాను. జాకెట్ పైబట్టకు చిన్న చిల్లు. లోపల పొరల మధ్య తూటా చొక్కా గుండీలా చదునై చిక్కుకుని ఉంది. వెనక బస్తా సొట్టపడింది గాని ఒక్క గింజ రాలలేదు. మనిషైతే పక్కటెముక విరగొచ్చు గాని పానం పోదని చిన్నమామయ్య తీర్పు చెప్పాడు. ఎముకలదేముంది, అతుకుతాయి అన్నాడు మామయ్య. అందరికీ సోడాలు, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. అత్తమ్మ ముఖంలో కూడా చాలా రోజుల తర్వాత కాస్త నెత్తురు కనిపించింది.

తూటా చేతులు మారుతోంది. ఇంకా వేడిగా ఉందని ఒకరు, లేదని ఒకరు. మామయ్య ఆ బస్తా పక్కనే నిలబడి, మర్నాడు కోదాడలో ఏం మాట్లాడతాడో మాకు చెబుతున్నాడు. చెబుతూ చెబుతూనే, అటువైపు చూడకుండా, జేబులోంచి గొట్టం తీసి జాకెట్ మీదనుంచే బస్తాలో పొడిచాడు. ఒంటి బరువు ఆనించి తిప్పాడు. చేతిలోకి జారిన గింజలు నోట్లో వేసుకుని కటుక్కున కొరికాడు.

"జర పచ్చిగున్నయి" అన్నాడు.

మామయ్య తన అరచేతిలో మిగిలిన గింజల్ని చూసుకున్నాడు, తర్వాత జాకెట్‌లో దిగబడి ఉన్న గొట్టాన్ని చూశాడు. అది సరిగ్గా గుండె ఉండేచోట దిగింది. చిన్నమామయ్య నసుగుతూ వివరించాడు. తూటా మొద్దుగా వచ్చి గుద్దుకుంటుంది కాబట్టి దారాలన్నీ కలిసి దాన్ని పట్టేస్తాయి, సన్నటి మొన అలా కాదు, దారాల సందు చేసుకుని దూరిపోతుంది, కత్తులకు వేరే రకం జాకెట్లు ఉంటాయి అని. అత్తమ్మ పూర్తిగా విన్నది.

"ఆళ్ల తాన తుపాకులు లెవ్వు" అంది. "కత్తులే ఉన్నయి. రేపు జీపుల నేనొస్త."

మర్నాడు జాకెట్ ఆ బస్తా మీదే ఉండిపోయింది. జీపులో ముందు మామయ్య, అత్తమ్మ. వెనక తోడుకు నేను. నాకు భయంగానే ఉంది. అయినా అంత ఆసక్తిగా నా జన్మలో ఏ ప్రయాణమూ చేయలేదు. కోదాడ చేరాక అత్తమ్మ మీటింగు దగ్గరికి కాకుండా తన తమ్ముడి ఇంటికి పోనిమ్మంది. గేటు దగ్గర పదిమంది దాకా నిలబడి ఉన్నారు, కొందరి చేతులు వెనక్కి ఉన్నాయి. ఆమె ఒక్కతే దిగి, వాళ్ల మధ్యనుంచి నడిచివెళ్లి గడప ముందు ఆగింది. తమ్ముడు బయటికి వచ్చాడు.

"తమ్మీ, నాకు ఒడిబియ్యం పోసి శానేండ్లాయె. పోయించుకుందామని వచ్చిన" అంది.

మా వైపు పుట్టింటివాళ్లు ఆడబిడ్డను, అల్లుణ్ణి పీటల మీద పక్కపక్కన కూర్చోబెట్టి, ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. ఆమె పసుపుకుంకాలు చల్లగా ఉండాలని దాని అర్థం. ఒడి నింపిన చేతులు ఆమె బొట్టుకు కీడు తలపెట్టవు. ఆ సంగతి తమ్ముడికి తెలుసు, గేటు దగ్గర ఉన్నవాళ్లకూ తెలుసు.

"ఇప్పుడొచ్చి ఇదేం అడగటం అక్కా" అన్నాడాయన నేల చూస్తూ.

"పోస్తే పొయ్యి. పొయ్యనంటే ఇప్పుడే చెప్పు. ఉత్త ఒడితోనే జీపెక్కుత, మీటింగుల మీ బావ పక్కనే కూసుంట. తర్వాత ఏమైతదో నువ్వే సూసుకో."

ఆయన ఏమీ అనకముందే లోపల ఆయన భార్య బియ్యం చేటలో పోస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన తలెత్తాడు. గేటు దగ్గర ఉన్న వాళ్లలో ఒకణ్ణి పిలిచి "రెండు పీటలు తీసుకురారా" అన్నాడు. అక్క వైపు చూడకుండానే "బావను కూడా దిగమను" అన్నాడు.

మామయ్య పలుచటి మల్లు చొక్కాతో ఆ మనుషుల మధ్యనుంచి నడిచి వచ్చాడు. నేను వాళ్ల చేతుల్నే చూస్తున్నాను. ఒకడు పక్కకు తప్పుకున్నాడు, తర్వాత ఇంకొకడు. తమ్ముడు దోసిళ్లతో బియ్యం పోస్తుంటే కొన్ని గింజలు మామయ్య తొడ మీద పడ్డాయి. అత్తమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రం కోదాడలో మామయ్య గంటసేపు మాట్లాడాడు.

ఎన్నికల్లో మాత్రం చిత్తుగా ఓడిపోయాడు. బావమరిది మేళతాళాలతో ఊరేగింపు తీశాడు, అది ఆపాలని మా ఎవరికీ అనిపించలేదు. ఆ తర్వాత మామయ్య చాలా ఏళ్లు బతికి, నా పిల్లలకు నడక నేర్పి, ముసలితనంతో నిద్రలో పోయాడు. పాడెకు ఒక భుజం ఆ బావమరిదే ఇచ్చాడు. కాలం వాళ్లలో ఒక్కొక్కరినీ తీసుకుపోయింది, నేనేమీ ఫిర్యాదు చేయను. మధ్యలో మాకు దొరికిన ఆ ఏళ్లన్నీ ఒక ఆడమనిషి గడప ముందు నిలబడి కొంగు పట్టి అడిగి తెచ్చినవి.