మాటకే మొత్తం పాయింట్లు

భూమయ్య కాకా బొటనవేళ్లు రెండూ వీడియో గేము కంట్రోలర్ మీద ఉన్నాయి. నలభై ఏళ్లు సిమెంటులో నాని పగుళ్లిచ్చిన వేళ్లు. ఎడమ వేలు నేను కొత్తగా వేసిన స్టిక్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కుడి వేలు ఒక్క బటన్‌నే టకటకా నొక్కుతోంది. ముంబై కామాటిపురలో, తొమ్మిదో గల్లీలో నా రిపేరు కొట్టు అది. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే. టీవీలో ఒక రాజ్యం తగలబడుతోంది. రెక్కల డ్రాగన్ ఒకటి నిప్పులు కక్కుతూ దిగుతోంది. కాకా మాత్రం దారి పక్కన గొర్రెల కాపరి ముందు నిలబడి తీరిగ్గా మాట్లాడుతున్నాడు.

"కాకా, వెనుక డ్రాగన్!"

"ఆగనియ్యి మంగేషా. ఈయన మాట నడిమిట్ల ఉంది."

డ్రాగన్ ఆగలేదు. కాకా, కాపరి, ఏడు గొర్రెలు కలిసి బూడిదయ్యారు.

ఈ ఆటలోకి దిగినవాళ్లంతా కొడతారు, నరుకుతారు, దోచుకుంటారు. మా భూమయ్య కాకా మాట్లాడతాడు. అంతే. ఏడాదిన్నరగా ఆడుతున్నాడు, ఇంతవరకు ఒక కోడిని కూడా కొట్టలేదు.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. విప్పి చూసి నేర్చుకున్నాను. కంట్రోలర్ విప్పితే ఆడేవాడి గుణం కనిపిస్తుంది. అందరికీ ముందు అరిగేది కత్తి బటన్. కాకా కంట్రోలర్‌లో కత్తి బటన్ కింది రబ్బరు మీద ఫ్యాక్టరీ పొడి కూడా పోలేదు. మాట్లాడే బటన్ రబ్బరు మాత్రం ఇది మూడోది. ఇక నడిచే స్టిక్ ఏడాదిన్నరలో రెండుసార్లు విరిగింది. ఊరూరా తిరగాలి కదా, మాట్లాడటానికి.

ఆ ఆట ఆయనకు తగిలించింది అతుల్. కాకా ఉండే ఒంటి గది ఖోలీకి ఎడమ పక్క ఖోలీ అతనిది. రాత్రి డ్యూటీ ఆసుపత్రి ల్యాబులో, నిద్ర పగలు. కొత్త గేము మిషన్ కొనుక్కుని పాతది కాకాకు ఇచ్చాడు. మొదటి రోజు మనిషిని తయారుచేయాలి. ఇంగ్లీషు చదివి చెప్పేది అతుల్, నిర్ణయించేది కాకా. నేను వైర్లు తగిలిస్తూ అక్కడే ఉన్నాను.

"కాకా, ముందు బిల్డ్ చూస్కోవాలె."

"బిల్డింగ్ కట్టుడు నాకు చెప్తవారా నువ్వు?"

"అరే, బిల్డింగ్ కాదు కాకా, బిల్డ్. మనిషిని కట్టుడు. ముప్పై పాయింట్లు ఇచ్చిండు. బలానికి ఎన్ని, కత్తికి ఎన్ని, మంత్రానికి ఎన్ని, నువ్వే పంచాలె."

"మాట్లాడేదానికి లేవా?"

"ఉన్నయ్. ఎవ్వడూ పెట్టడు."

"ముప్పై దాంట్లనే పెట్టు."

"కాకా! దొంగలొస్తే?"

"మాట్లాడుత."

"తోడేలొస్తే?"

"మాట్లాడుత."

"పాగల్ హో గయా క్యా కాకా? తోడేలుతోనా?"

"పుట్టిన కాంచెల్లి కూలోళ్ల మీద అరిచే ముకద్దములతోని మాట్లాడిన. తోడేలెంతరా?"

తోడేలు మాట వినే రకం కాదని పది నిమిషాల్లో తేలింది. అది కరిచింది, కాకా చచ్చాడు. మళ్లీ బతికి వెళ్లి దానికే మళ్లీ ఎదురుపడ్డాడు. పదకొండోసారి అతుల్ లేచి వెళ్లిపోయాడు. పన్నెండోసారి కాకా తోడేలు ఉన్న దారి వదిలేసి కొండ చుట్టూ నడిచాడు. ఒక ఊరు చేరడానికి మూడు రోజులు పట్టింది. ఆటలో కాదు, నిజంగా మూడు రోజులు.

అక్కడి దొంగల నాయకుడు కాకా మాటలకు కరిగి దారి ఇచ్చాడు. ఆ సంగతి చెప్పడానికి కాకా నా కొట్టుకి చెప్పులు వేసుకోకుండా వచ్చాడు.

"ఏం చెప్పినవ్ కాకా వాడికి?"

"నాకేం తెలుసురా? ఇంగ్లీషుల ఉంటది. మొదటిది నొక్కిన."

అసలు చిక్కు అక్కడే వచ్చింది. కాకాకు ఇంగ్లీషు రాదు. అయినా ఆటలో ఎవరు నోరు కదిపినా ఆయన దాన్ని పైకి, గట్టిగా, తెలుగులో చెబుతాడు. వాళ్లు ఏమన్నారో తెలియదు కాబట్టి, ఏమనాలో తనే చెబుతాడు.

మా చాల్‌లో, అంటే వరుస గదుల పాత మేడలో, మూడో అంతస్తులో పద్నాలుగు ఖోలీలు. ఇప్పుడు తొమ్మిదింటికి తాళాలు. కొందరు విరార్ వెళ్లారు, కొందరు కల్యాణ్ వెళ్లారు. తాళాల మీద దుమ్ము, గుమ్మాల ముందు పాత క్యాలెండర్లు. ఒకప్పుడు ఆ వరండాలో ఎవరి ఇంట్లో పోపు వేసినా పద్నాలుగు ముక్కులు తుమ్మేవి. ఇప్పుడు మధ్యాహ్నం పూట, కాకుల్ని తిట్టే ఒక ముసలామె కేకలు పోను, అక్కడ వినిపించేది ఒక్క గొంతే. భార్య పోయి ఆరేళ్లయిన, పిల్లలు లేని భూమయ్య కాకాది.

ఒక బుధవారం అతుల్ కళ్లు నులుముకుంటూ నా కొట్టుకొచ్చాడు.

"మంగేష్ భావూ, కాకాది అయిపోయింది."

"ఏమైంది?"

"డ్రాగన్ ఊరంత కాల్చిందని ఆటల ఆడమనిషి ఏడుస్తుంటది. ఈయన ఏం చెప్తుండో తెలుసా? 'ఇయ్యాల నల్లా రాలే అక్కా, బొగోణి నింపుకున్నవా?' అని. రోజూ మూడు గంటలు. ఒక్కడే. గోడ దిక్కు చూసి. నాకు నిద్ర లేదు, అది వదిలెయ్యి. ఆయనకు బుర్ర తిరిగింది భావూ. అనూషకు ఫోన్ చేసిన."

అనూష కాకా తమ్ముడి కూతురు, నారాయణపేటలో ఉంటుంది. ఆదివారం వచ్చి పెదనాన్నను తీసుకుపోతానందట. కాకా పుట్టింది కామాటిపురలో. నారాయణపేట ఆయనకు పెళ్లి భోజనాల ఊరు, అంతే. అక్కడికి తీసుకుపోతే ఆయన ఏమవుతాడో నాకు ఊహించబుద్ధి కాలేదు.

"ఒక్కసారి నేను చూస్త. అప్పటిదాక ఆగు."

"చూసుడు కాదు, విను."

గురువారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి మూడో అంతస్తు ఎక్కాను. అతుల్ నిక్కరు మీద గుమ్మంలో నిలబడి, వినమని చేత్తో సైగ చేశాడు. కాకా తలుపు తెరిచే ఉంది. ఆయన మాకు వీపు చేసి, కుడి పక్క చెక్క గోడకు భుజం ఆనించి కూర్చున్నాడు. టీవీలో ఒక కమ్మరి సుత్తి దించి ఏదో అడుగుతున్నాడు. కాకా గొంతు పెంచాడు.

"కమ్మరాయన అడుగుతుండు! 'పెద్దమనిషీ, కాలు నొప్పి ఎట్లుంది? పొద్దుగాల గోలీ ఏసుకున్నవా?' అని."

బటన్ నొక్కలేదు. ఆగాడు. గోడ అవతల నుంచి ఒక ముసలి గొంతు కంగుమంది.

"ఓసి కాకీ! కిటికీల కూసోని నన్ను చూస్తవేందే? నా గోలీలు నేనేసుకుంట! కాకపోతే బువ్వ సయిస్తలేదు!"

కాకా బటన్ నొక్కాడు. కమ్మరి ఇంకేదో అన్నాడు.

"కమ్మరాయన చెప్తుండు! 'బువ్వ సయించకుంటే పల్చగ అంబలి కాసుకోవాలె. చింతకాయ తొక్కు నాలిక్కి తగిలియ్యాలె' అని!"

"కాకీ! కమ్మరోనికి అంబలి సంగతి ఏం తెలుసే! అయినా జెర తాగి చూస్త లే!"

నేను అతుల్ వైపు చూశాను. అతను గోడ వైపు మెడ చాచాడు.

ఆ గొంతు కుడి పక్క ఖోలీలో ఉండే వజ్రమ్మది. డెబ్బై ఏళ్లుంటాయి. చూపు మందగించింది. ఎనిమిది నెలల కింద మోరీలో, అంటే గది మూలనుండే కడుగుడు గుంటలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. కొడుకూ కోడలూ పొద్దున పనికి పోతే రాత్రికే రావడం. మనవరాలితో మాట్లాడదామంటే ఆ పిల్లకు మరాఠీ తప్ప రాదు. పగలంతా ఆమె పడుకునే ఉంటుందని, కేకలేస్తే కిటికీలో కాకుల్ని తిడుతోందని మేమంతా అనుకున్నాం.

మరి కాకా లేచి పక్కింటికి వెళ్లి పలకరించవచ్చు కదా అంటారేమో. కుదరదు. వాళ్లిద్దరికీ మాటల్లేవు. పదకొండేళ్ల కింద వజ్రమ్మ ఖోలీలో నేలకు లాదీలు, అదే బండలు, పరిచింది కాకాయే. వాటం తప్పింది, నీళ్లు మోరీకి పోవాల్సింది తలుపుకు వచ్చాయి. "నువ్వేం మేస్త్రివయ్యా" అంది వజ్రమ్మ. "ఇంక నీతోని మాట్లాడితే నా తాపీ మీద ఒట్టు" అన్నాడు కాకా. "నేను మాట్లాడితే నా కండ్ల మీద ఒట్టు" అంది ఆమె. మర్నాడే కాకా లాదీలన్నీ పీకి మళ్లీ పరిచాడు. నీళ్లు మోరీకే పోయాయి. ఒట్లు మాత్రం ఎటూ పోలేదు.

కాకా మమ్మల్ని చూసి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను ఎవ్వల్తోని మాట్లాడలే. ఆట ఆడుతున్న."

"ముప్పై పాయింట్లు మాటకే పెట్టింది ఇందుకా కాకా?" అన్నాను.

"మొదలు ఊకెనే పెట్టిన. నాకూ ఎవరున్నరు మాట్లాడనీకి?" గొంతు తగ్గించాడు. "ఆమె పడ్డంక ఒక దినం గోడవతల ఏడుపు ఇనబడ్డది. పోనీకి ఒట్టు అడ్డం. ఆటల ఉన్నోళ్లకు ఒట్టు లేదు గదా. వాళ్లతోని అడిగిపిచ్చిన. ఆమె కాకికి చెప్తది."

"ఒక్కసారన్న కత్తి తియ్యొచ్చు గదా?" అన్నాడు అతుల్.

"కత్తి తీస్తే ఊరోళ్లంత ఉరుకుతరురా. మల్ల అంబలి సంగతి ఎవడు చెప్పాలె?"

గోడ అవతల నుంచి కేక వచ్చింది. "కాకీ! కమ్మరోడు సచ్చిండానే? సప్పుడు లేదు!"

కాకా గబుక్కున బటన్ నొక్కాడు. అతుల్ వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. చెక్క గోడల చాల్, ఏదీ దాగదు. "హా అనూషా… ఏం కాలే, బుర్ర మంచిగనే ఉంది… ఆదివారం రాకు… అరే, కాకాకు మస్తు పనుందమ్మా, ఊరికి వచ్చే టైం లేదు." ఫోన్ జేబులో పెట్టి నా దగ్గరికొచ్చాడు. "మరి నా నిద్ర?"

"రెండు దినాలు ఇయ్యి" అన్నాను.

కొట్లో పాటలు పాడుకునే పాత మైకు ఒకటి పడి ఉంది. దాని లోపలి బోర్డు బాగానే ఉంది. ఎవరో వదిలేసిన చిన్న స్పీకరు లోపలి కాగితం కోన్ చిరిగితే పల్చటి గుడ్డ అంటించాను. చెక్క గోడలో వేలు పట్టేంత చిల్లు పెట్టి వైరు లాగాను. మైకు కాకా వైపు, స్పీకరు డబ్బా వజ్రమ్మ వైపు. ఇక కాకా గొణిగినా చాలు. వజ్రమ్మ గొంతుకు యంత్రం అక్కర్లేదు, అతుల్ ఆ ఒక్కదానికి అలవాటు పడతానన్నాడు.

శనివారం డబ్బా తీసుకుని వజ్రమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. కాకా తన గుమ్మంలోనే నిలబడి, "ఎవ్వరు చేపిచ్చిండ్రో నాకెరక లేదు" అని వరండాకు చెప్పాడు.

వజ్రమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని నాలుగు వైపులా తడిమింది. మూలలు చూసింది. స్క్రూలు లెక్కపెట్టింది. పక్కన వేలు ఆగింది.

"ఈ బుడిపె ఏంది బేటా?"

"స్విచ్చి అవ్వా. ఆయన మాటలు వద్దనుకుంటే బంద్ చేస్కోనీకి."

కాసేపు దాన్ని వేలితో రుద్దింది.

"ఇది పీకెయ్" అంది.

అక్కడే నేల మీద కూర్చుని వెనుక మూత విప్పాను. టంకం కరిగించే కావియా వేడిచేసి స్విచ్ తీసేశాను. రెండు వైర్లూ కలిపి అతికి, చిల్లుకు బిళ్ల అంటించి, మూత బిగించి ఆమె చేతికిచ్చాను.