బలం లేని నీళ్లు

మా నస్పూర్ కాలనీలో రొయ్య అంటే ఎండబెట్టి, చింతచిగురులో వేసి వండుకునేది. దానికి వైద్యం చేసేవాణ్ణి చూసి ఇరుగుపొరుగు నవ్వరా మరి. "నీకు వేరే పనేం లేదా?" అని పక్క క్వార్టర్ పెద్దమ్మ అడిగేది. బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్ పని చేస్తూ, ముందుగదిలో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టుకున్న మనిషిని ఇంకేమని అడుగుతారు?

సముద్రం మాకు ఎటు పోయినా దూరమే. హైదరాబాద్ నుంచి సముద్రపు ఉప్పు ప్యాకెట్లు తెప్పించి, ఫిల్టర్ నీళ్లలో కలిపి ఆ తొట్టి నడిపేవాణ్ణి. అందులో రెండు చేపలు, కొన్ని నత్తలు, ఎర్రటి వీపు మీద తెల్లచార ఉన్న ఒక రొయ్య. ఒకరోజు పంపుకు ఉన్న జాలీ ఊడింది. నేను స్విచ్ ఆపేసరికే రొయ్యకు ఒక పక్క కాళ్లన్నీ తెగిపోయాయి.

అప్పటికి మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, పోయి ఏడాది కాలేదు. బాయి దుమ్ము ఊపిరితిత్తుల నిండా పట్టి, చివరి నెలల్లో పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఆయన పక్కనుంచి కదల్లేదు. రోజూ రాగి బిందెలో నీళ్లు నింపి ఉంచి, పొద్దున్నే ఆయనకు తాగించేది. మందులు గొంతు దిగని రోజుల్లో కూడా ఆ నీళ్లు చెంచాతో దిగేవి. బాపు దినాలయ్యాక నేను ఆమెతో, "నువ్వు మంచిగనే చూసినవవ్వా. నీ చేతుల ఏం లేకుండె" అన్నాను. డాక్టర్ నాతో చెప్పింది కూడా అదే. ఆమె తల ఊపింది. ఆ తర్వాత మాటలే తగ్గిపోయాయి. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

మళ్లీ ఆమె నోరు విప్పింది ఈ రొయ్య కోసమే. చేపలు పొడవకుండా దాన్ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ డబ్బాను తొట్టిలోనే వేలాడదీస్తుంటే, కుర్చీ జరుపుకుని వచ్చి కూర్చుంది.

"గిది బతుకుతదా?"

"పాము లెక్కనే గిది గూడ కుబుసం ఇడుస్తదవ్వా. ఇడిసినప్పుడల్లా కాళ్లు మళ్ల మొలుస్తయి. గప్పటిదాంక నోటికి తిండి అందియ్యాలె."

"నువ్వు డ్యూటీకి పో. నేను చూస్త."

రొయ్య బతకడం కన్నా నాకు ఆ మాటే ఎక్కువైంది. అవ్వను మళ్లీ మనుషుల్లో పడేస్తుందని ఆ వేలెడు ప్రాణి మీద గంపెడాశ పెట్టుకున్నాను.

అవ్వ పట్టకారుతో మేత ముక్క పట్టుకుని, రొయ్య అందుకునేదాకా చెయ్యి కదిలించేది కాదు. తొట్టిలో నీళ్లు ఆవిరై తగ్గితే క్యాన్‌లోని ఫిల్టర్ నీళ్లే పొయ్యమని, నల్లా నీళ్లు వద్దని చెప్పాను. కొన్నాళ్లకు రొయ్య కుబుసం విడిచింది. తెగిన చోట సన్నటి మొలకలు కనబడ్డాయి. ఆ రోజు అవ్వ పక్క క్వార్టర్ పెద్దమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించింది. సాయంత్రం తనకు తానే పచ్చిపులుసు చేసుకుని తింది.

తర్వాత రొయ్య మెల్లగా మేత మానేసింది. ఉప్పు చూశాను, వేడి చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండోసారి కుబుసం విడవబోయి సగంలోనే ఇరుక్కుంది. నేను షిఫ్ట్ దిగి వచ్చేసరికి డబ్బా అడుగున వెల్లకిలా పడి ఉంది. అవ్వ పట్టకారు పట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది.

"నేను జర గూడ తక్వ చెయ్యలే బిడ్డా" అంది. "ఫిల్టర్ నీళ్లల్ల బలముండదని, క్యాన్ నీళ్లు రాగి బిందెల పోసి పెట్టి, తెల్లారి పోసిన. బాపుకు పోసినట్టే. ఒక్కనాడు మరువలే."

రొయ్యలకు రాగి విషం. చేపల మందు కొన్నా అందులో రాగి ఉందేమోనని సీసా తిప్పి తిప్పి చూసేవాణ్ణి. మనిషిని ఏమీ చెయ్యని ఆ కాస్త రాగి, నీళ్లు ఆవిరైనా తాను మిగిలిపోయి, రోజురోజుకూ తొట్టిలో పేరుకుంది. నత్తలన్నా దక్కుతాయేమోనని వెంటనే మగ్గు తీసుకుని నీళ్లు తోడి బకెట్‌లో పొయ్యడం మొదలుపెట్టాను.

నిజం చెబితే అవ్వ మనసు రొయ్య దగ్గర ఆగదు. బాపు మంచం దాకా పోతుంది. మనిషికి ఆ నీళ్లతో ఏమీ కాదని ఎంత మొత్తుకున్నా, చెంచాతో పోసిన ప్రతి గుక్కా ఆమెకు గుర్తొస్తుంది. నాకు నిజంగా భయమేసింది.

"నీళ్లతోని ఏం కాలేదవ్వా. దెబ్బ పెద్దది. నువ్వు మంచిగనే చూసినవ్. నీ చేతుల ఏం లేకుండె."

"మరి నీళ్లెందుకు తోడుతున్నవ్?"

మగ్గు ఆగిపోయింది. అవ్వ నా మొహంలోకి చూసింది.

"బాపు పోయినప్పుడు గూడ గివే మాటలన్నవ్" అంది. "గప్పుడన్న నిజం చెప్పినవా కొడుకా?"

నిజమేనన్నాను. ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. అవ్వ చెయ్యి విడిపించుకుని, వంటింట్లోకి పోయి బిందెలో నీళ్లు పారబోసింది. దాన్ని అటక మీద బోర్లించమని నాతోనే చెప్పింది.

ఇప్పుడు నేను డ్యూటీ నుంచి వచ్చి తాగడానికి నీళ్లడిగితే అవ్వ తన చేత్తో ఇవ్వదు. క్యాన్ చూపిస్తుంది.