అమీర్‌బీ చేలో నెమ్మదాకు

దర్శి పక్కన మా ఊళ్లో ఒక అడవిపంది అమీర్‌బీతో పోటీపడి పత్తి తీసింది. కాన్వెంటులో అబద్ధాలాడి సిస్టర్ల చేత తిన్న స్కేలు దెబ్బలు గుర్తొచ్చి సవరిస్తున్నాను: తీయలేదు. ఆమె తీస్తుంటే సాలు పక్కన పడుకుని చూసింది. పడుకున్న మాట మాత్రం నిజం. ఎండ పూట, ఆమె నీడలోనే.

భర్త పోయినప్పటి నుంచీ అమీర్‌బీ రెండెకరాలు కౌలుకు చేస్తోంది. వరసగా మూడేళ్లు కొండ దిగొచ్చిన పందులు పచ్చి కాయల్ని నమిలి ఉమ్మేశాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. ఇలియాస్ సెలూన్లో ఊడ్చిన వెంట్రుకలు అడిగి తెచ్చి గట్ల వెంట చల్లింది. పందులు తుమ్మి, మళ్లీ తిన్నాయి. ఈ ఏడూ పంట పోతే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని భూమి గలాయన చెప్పేశాడు.

ఆ వేసవిలో అందరిలాగే ఆమె కూడా ట్రాక్టరుతో చేలోకి చెరువుమట్టి తోలించింది. తొలకరికి ఆ మట్టిలోంచి గట్టు పొడుగునా ఎవరూ ఎరగని మొక్క లేచింది. వంగాకంత ఆకు, నలిపితే తడి గోనెసంచి వాసన. కలుపు తీసేవాళ్లు పీకబోతే, “గట్టు మీదదేగా, ఉండనీయండి” అంది.

పందులు వచ్చి ముందు ఆ ఆకు తిన్నాయి. తిన్నవి చేలో దిగలేదు. అక్కడే కూలబడి కళ్లు మూసుకున్నాయి. కుందేళ్లూ అంతే. ఒకటి నా చెప్పు మీదెక్కి గంటసేపు కూర్చుంది. పోనీ, పది నిమిషాలనుకోండి. పత్తి నడుమెత్తు పెరిగింది. అమీర్‌బీ ఆ మొక్కకు నెమ్మదాకని పేరు పెట్టింది.

ఆకలితో పాటు వాటికి బెదురూ పోయింది. చప్పట్లు కొడితే తలెత్తి చూసేవి, అంతే. ఒక తల్లిపంది ఐదు పిల్లలతో ఆమె వెనకే తిరిగేది. “దూరం పోవే! నిన్ను తాకితే నేను స్నానం చెయ్యాల” అని కర్ర ఊపితే, అది కర్రను వాసన చూసేది.

మొదటి తీత నడుస్తుండగా పక్క చేను జక్రయ్య గడ్డపార పట్టుకుని, ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఆ ఏడు అతని మొక్కజొన్న మొత్తం పందుల పాలైంది.

“పక్కకు జరుగక్కా. నా చేనంతా దీని పొట్టలోనే ఉంది.”

“ఒరేయ్ జక్రయ్యా, పారిపోయేదాన్ని కొట్టరా. పారిపోవడం తెలీనిదాన్ని కొడతావేందిరా?”

“పరిగెత్తేదైతే నాకు దొరికేదా? నిలబడింది కాబట్టేగా!”

తాకనన్న జంతువు వీపు మీద అమీర్‌బీ రెండు చేతులూ ఆనించి నెట్టింది. “పోవే! పరిగెత్తవే!” అది ఆమె చేతులకు ఇంకాస్త ఆనుకుంది.

జక్రయ్య ఆమెను పక్కకు లాగాడు. తల్లి పడిపోయినా పిల్లలు కదలలేదు. తమ వంతు వచ్చేదాకా ఆకు నములుతూ నిలబడ్డాయి. మూడోదాని దగ్గర జక్రయ్యకే చెయ్యి ఆడలేదు. మిగతావి ఆ ఇద్దరూ కానిచ్చారు.

ఇందులో నేను కలిపిందేమీ లేదు. కలపబుద్ధి కాలేదు.

మర్నాడు అమీర్‌బీ గట్టంతా ఒక్కతే పీకింది. వేళ్లతో సహా కుప్పపోసి కాల్చింది.

“మరి పంటో?” అన్నాను.

“పోతే పోనీయండి మాస్టారూ. అవి మనిషిని చూసి పారిపోవాల.”

వారం తిరక్కుండా కొత్త మంద కొండ దిగింది. మూడు రోజుల్లో చేలో కాయ లేదు. భూమి గలాయన అన్నంత పనీ చేశాడు. ఇప్పుడామె మిరప కల్లంలో తొడిమలు తుంచే కూలికి పోతోంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకా ఆమె గుమ్మంలోకి వచ్చి, నెమ్మదాకు గింజ ఒక్కటైనా దాచావేమోనని అడుగుతూనే ఉన్నారు. పంట కాపాడుకుందామని కొందరు, మాంసం కోసం ఎక్కువమంది.

ఇది రాసి కల్లంలో ఆమెకు చదివి వినిపించాను. తలెత్తలేదు.

“మొక్కా లేదు, పందీ లేదు. నేను మట్టి తోలించనే లేదు. అడిగినోళ్లందరికీ ఇదే చెప్పా, మీకూ ఇదే చెబుతున్నా. మాస్టారివన్నీ కోతలు.”